స్పానర్‌కి డూప్

ఆ శనివారం పొద్దున్న నేను పక్కింటి క్లైడ్ పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని, వాడి ముసలి కుక్క డచెస్ మూతికి బార్బెక్యూ బొగ్గు రాస్తున్నాను. నవ్వకండి. మీ కుక్క మీదికి కౌన్సిల్ వాళ్లొస్తే మీరూ రాస్తారు.

“ఒరే మెర్వ్, ఎడంపక్క ఇంకొంచెం పట్టించు. తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి,” అన్నాడు క్లైడ్ టీ జుర్రుతూ. వాణ్ణి ఊళ్లో అందరూ కొళాయి క్లైడ్ అంటారు. ప్లంబరు కాబట్టి కాదు. ఏ రహస్యం చెప్పినా కారిపోతుంది కాబట్టి.

“ఈ సంగతి గ్వెండాతో అనలేదు కదా?”

“నేనా? ఛఛ!” అన్నాడు వాడు. ఆ రెండో ‘ఛ’ దగ్గరే నేను మేలుకోవాల్సింది.

గ్వెండా నా భార్య. శనివారాలు బౌల్స్ క్లబ్బులో పచ్చిక మీద బంతులు దొర్లిస్తూ ఉంటుంది, మధ్యాహ్నం దాకా రాదు. కుక్కల మీద ఫిర్యాదులు చూసే కౌన్సిల్ రేంజర్ రెండింటికొస్తుందని ఆవిడతో చెప్పాను. నిజానికి వచ్చేది పదకొండింటికి. వచ్చి మా కుక్క స్పానర్‌ని చూసి, ప్రమాదకరమైనదా కాదా అని తేల్చిపోతుంది. ప్రమాదమని తేలిందా, ఇక వాణ్ణి మా ఇంట్లో ఉండనివ్వరు. కౌన్సిల్ బోనే గతి. వారం రోజులుగా నాకు అదే ధ్యాస.

అసలు స్పానర్ మా బావమరిది డార్సీ కుక్క. గొర్రెల్ని తోలే కెల్పీ. డార్సీ గొర్రెలన్నీ అమ్మేసి పొలమంతా గోధుమ వేశాడు. గోధుమ ఎక్కడికీ పారిపోదు కాబట్టి స్పానర్ ఉద్యోగం ఊడింది. గ్వెండా మనసు ఒప్పక ఊళ్లోకి, మా ఇంటికి తెచ్చేసింది.

వచ్చింది మొదలు వాడు చెయ్యని ఘనకార్యం లేదు. క్లైడ్ కోళ్లన్నిటినీ తోలుకెళ్లి క్లైడ్ స్నానాలగదిలో పెట్టాడు. అప్పుడు క్లైడ్ లోపలే ఉన్నాడు. స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లల్ని కంచె మూలకి చేర్చి, బస్సొచ్చినా కదలనివ్వలేదు. చర్చి దగ్గర పాటలవాళ్లందర్నీ పాస్టరుతో సహా సైకిళ్ల షెడ్డులోకి పంపాడు. ఎవర్నీ కరవలేదు, ఒట్టు. చుట్టూ తిరిగొచ్చి, పొట్ట నేలకానించి, రెప్ప వెయ్యకుండా చూస్తాడు, అంతే. ఆ చూపుకి పాస్టరు చిన్నప్పటి పాపాలు కూడా ఒప్పుకున్నాడని క్లైడ్ ఊరంతా చెప్పాడు.

నాకా, భయం పుట్టుకతో వచ్చిన ఆస్తి. పిల్లలు కనిపిస్తే స్పానర్ ఏం చేస్తాడోనని భయం. పాస్టరు ఎదురైతే పాస్టరు ఏమంటాడోనని భయం. భయమేస్తే ఈల వేస్తాను. మెకానిక్ షెడ్డులో బండి స్టార్టవకపోతే వేసేవాణ్ణి, ఆ అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. పాటేం కాదు, ఒక కూత పైకి, ఒక కూత కిందికి. “అదిగో, టీ కెటిల్ కూత పెట్టింది,” అంటుంది గ్వెండా.

శుక్రవారం భోజనాల దగ్గర ఆవిడ చాలా నిబ్బరంగా ఉంది. అది చూస్తే నాకు ఇంకా కంగారు.

“రేంజర్ని రానీ మెర్వ్. వాడి తప్పేం లేదు.”

“తప్పు లేదా? పాస్టర్ని షెడ్డులో పెట్టాడు!”

“వాడు చెడ్డవాడు కాదు. వాడికేదో అర్థం కావట్లేదు. ఎప్పుడైనా కళ్లు మూసి పడుకుంటాడా? పొద్దస్తమానం నీ మొహమే చూస్తూ ఆవలిస్తుంటాడు.”

“అది ప్రేమ.”

“నీ మొహం చూస్తే నాకూ ఆవలింత వస్తుంది, అందులో వింత లేదు. కానీ వాడిది నిద్ర ఆవలింత కాదు. నువ్వు చేపలకి వెళ్లిన రోజు చూడాలి, ఎంత హాయిగా పడుకున్నాడో! నోట్లో వేలు పెట్టినా కొరకలేదు.”

“అంటే నేను ఇంట్లో ఉండటమే తప్పంటావు.”

“నేనెప్పటినుంచో అంటున్నాను. ఇప్పుడు కుక్క కూడా అంటోంది,” అని బంగాళాదుంపలు నా ముందుకి తోసింది.

ఇలాంటి మనిషితో పథకాలు చర్చించలేం. అందుకే క్లైడ్‌ని పట్టుకున్నాను. డచెస్‌దీ స్పానర్ లాగే గోధుమ రంగు, మూతి నలుపొక్కటే తక్కువ. చెవుడు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే సోఫాలా ఉండిపోతుంది. దూరం నుంచి, ఎండలో, కళ్లజోడు లేకుండా చూస్తే అచ్చం స్పానరే. రేంజర్ వచ్చి డచెస్‌ని చూసి “ఇంత సాధువైన కుక్క మీదా ఫిర్యాదులు!” అని వెళ్లిపోతుంది. స్పానర్ ఆ కాసేపు బట్టలుతికే గదిలో ఎముక కొరుక్కుంటూ ఉంటాడు. ఎవరికీ నష్టం లేదు.

లోపల పెట్టి తలుపేస్తుంటే స్పానర్ నా వంక చూసి ఆవలించాడు. “నీ కోసమేరా,” అన్నాను. ముక్కు నాక్కుంటూ తల దించుకున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

రేంజర్ పేరు బ్రొన్విన్. పొడుగు మనిషి, మెత్తని మాట. పెరట్లో డచెస్‌ని చూసి నేరుగా మీదికి పోలేదు. పక్కకి తిరిగి గడ్డి మీద కూర్చుని, చెయ్యి కింద ఆనించి, అదే దగ్గరికొస్తుందని ఎదురుచూసింది. డచెస్ రాలేదు. గురక పెట్టింది.

“పాస్టరు గారిని షెడ్డులోకి తోలింది ఇదేనా?”

“వీడేనండి. ఇప్పుడు బుద్ధొచ్చింది.”

“వీడా?” బ్రొన్విన్ వంగి చూసింది. “మెర్విన్ గారూ, ఇది ఆడకుక్క.”

ప్రాణం పోయినంత పనైంది నాకు. “అదేనండి. మార్పు చాలా లోతుగా వచ్చింది.”

ఆవిడ నవ్వలేదు. డచెస్ మూతి నిమిరింది. అరచెయ్యంతా నల్లగా అయింది. ఆ చేతిని చూసుకుంది, నన్ను చూసింది, సంచీలోంచి చిన్న యంత్రం తీసింది. “ప్రతి కుక్క మెడలోనూ చిప్ ఉంటుంది కదా. ఎవరిదో ఇది చెప్పేస్తుంది.”

చిప్! మూతికి బొగ్గు రాయాలని తట్టింది గానీ చిప్ సంగతి తట్టలేదు. పప్పులో కాలేశాను అంటే చాలదు, పీకల్దాకా పప్పులో ఉన్నాను. సరిగ్గా అప్పుడే పెరటి గేటు కిర్రుమంది. గ్వెండా! బౌల్స్ ఆడే తెల్లబట్టల్లోనే ఉంది. వెనక స్కోన్లనే చిన్న బన్నుల పళ్లెం పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా కొళాయి క్లైడ్.

“క్లైడ్!” అన్నాను.

“నేనేం చెప్పలేదురా. ఆవిడ అడిగింది. అడిగినదానికి జవాబు చెప్పానంతే.”

గ్వెండా డచెస్ దగ్గరికెళ్లి నడుం మీద చేతులు పెట్టుకుంది. “అయ్యో, మన స్పానరే! పొద్దున్న నేను వెళ్లేటప్పుడు మగాడు, కుర్రాడు. వచ్చేసరికి ముసలమ్మయిపోయాడే! ఏం పెట్టావు మెర్వ్ వాడికి?”

“గ్వెండా, నేను చెప్పేది విను…”

“నువ్వు చెప్పేది రెండింటికి వింటాను. రేంజర్ రెండింటికి కదా వస్తుంది?”

ఒక పక్క రేంజర్, ఒక పక్క భార్య, మధ్యలో మసి కారుతున్న ముసలికుక్క. నా పెదాలు వాటంతటవే సున్నా చుట్టాయి. ఒక కూత పైకి, ఒక కూత కిందికి.

బట్టలుతికే గదిలో ధడేల్‌మని చప్పుడు. తలుపు పిడి కిందికి వంగింది. స్పానర్ బాణంలా వచ్చాడు.

నలుగురం మనుషులం అటూ ఇటూ ఉన్నామల్లా, చుట్టూ రెండు చుట్లు తిరిగేసరికి బట్టలారేసే గొడుగులాంటి తీగల స్తంభం కింద కట్టగట్టినట్టు చేరాం. ఈ సందట్లో వాడు కంచె దూకి క్లైడ్ కోళ్లని కూడా తెచ్చాడు. అయిపోయింది, కొంప మునిగింది, వీణ్ణి తీసుకుపోతారు అని నాకు గుండె దడ. దడ పుట్టినకొద్దీ ఈల. ఈల వేసినకొద్దీ వాడు ఇంకా దగ్గరికి నెట్టాడు. క్లైడ్ గడ్డం రేంజర్ టోపీ మీదికి వచ్చింది. డచెస్ ఒక్కతే కదల్లేదు. అందుకని మమ్మల్నందర్నీ డచెస్ దగ్గరికి జరిపాడు.

“ఒరే, ఈ కాలు నాదేనా?” అన్నాడు క్లైడ్.

“మెర్వ్, నోరు మూసుకో,” అంది గ్వెండా.

“ఇప్పుడు కూడా తిట్టాలా?”

“తిట్టడం కాదు. నిజంగా మూసుకో!” అని అరచేత్తో నా నోరు నొక్కేసింది.

స్పానర్ అక్కడికక్కడ ఆగి, పొట్ట నేలకానించి పడుకున్నాడు.

“బ్రొన్విన్ గారూ, కాస్త చూడండి,” అని గ్వెండా చెయ్యి తీసింది. “ఇప్పుడు వెయ్యి మెర్వ్.”

ఎలాగో సగం ఈల వేశాను. స్పానర్ లేచి చుట్టూ పరుగు. గ్వెండా నా నోరు మూసింది. స్పానర్ పడుకున్నాడు. చెయ్యి తీసింది, వేశాను, లేచాడు. నన్ను కొళాయి తిప్పినట్టు తిప్పింది ఆవిడ.

“నాకు చేపల రోజునుంచీ అనుమానం,” అంది రేంజర్‌తో. “ఇందాక క్లబ్బులోంచి మా తమ్ముడు డార్సీకి ఫోన్ చేసి ఈయన ఈల నేనే వేసి వినిపించాను. వాడు నవ్వలేక ఫోన్ వాళ్లావిడకిచ్చాడు. అది మందని తోలే ఈలట. చుట్టూ వెళ్లి అందర్నీ తోలుకురా అని అర్థం. స్పానర్‌కి పిల్లప్పటి నుంచి నేర్పింది అదే. అది తెలిశాక ఆట ఎవడికి కావాలి? వచ్చేస్తుంటే గేటు దగ్గర ఈ మహానుభావుడు కనిపించాడు,” అని క్లైడ్ వంక చూసింది.

కోళ్లు, పిల్లలు, పాస్టరు… ప్రతిసారీ అక్కడ నేనున్నాను. ప్రతిసారీ భయపడ్డాను. ప్రతిసారీ ఈల వేశాను. పాస్టర్ని షెడ్డులో పెట్టించింది నేనే.

“అయితే వాడు మాట వినని కుక్క కాదన్నమాట,” అన్నాను నీరసంగా.

“ఈ ఇంట్లో నీ మాట వినేది వాడొక్కడే మెర్వ్,” అంది గ్వెండా.

బ్రొన్విన్ ఈ గొడవలో లేదు. స్పానర్‌నే చూస్తోంది. వాడు నా మొహంలోకి చూసి ఆవలించాడు. ముక్కు నాక్కున్నాడు. ముందుకాలు ఒకటి సగం ఎత్తి, దించాలా వద్దా అన్నట్టు ఆగాడు.

“ఇది పొగరు కాదు, నిద్రా కాదు,” అందావిడ మెల్లగా. “బెంగ. తెమ్మన్నవాళ్లందర్నీ తెచ్చాను కదా, ఇంకేం చెయ్యమంటావు అని అడుగుతున్నాడు. పని మొదలుపెట్టమని చెప్తున్నారు గానీ, పని అయిందని వాడికి ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు.”

ఇన్ని నెలలు. రాత్రీ పగలూ డ్యూటీ దిగని కూలీలా వాడు నా మొహం చూస్తూ కూర్చున్నాడు. నేనేమో ప్రేమ అనుకుని వాడి నెత్తిన తట్టి టీవీ చూసుకున్నాను.

“డార్సీ ఎలా ఆపేవాడు?” అడిగింది బ్రొన్విన్.

“మామూలు మాటే. చాల్రా, ఇక చాలు, అంతే,” అంది గ్వెండా. ఆవిడ వంగి ఆ మాట అంది. స్పానర్ చెవులు కదిపాడు గానీ నా మీదనుంచి చూపు తిప్పలేదు.

“నువ్వు చెప్పు మెర్వ్. పని చెప్పింది నువ్వు కదా.”

గడ్డి మీద చతికిలబడ్డాను. “చాల్రా నాన్నా,” అన్నాను. “అయిపోయింది పని. అందర్నీ తెచ్చావు. ఇక చాలు.”

వాడి వీపు మీద బిగుసుకున్న కండ వదులవడం కంటికి కనిపించింది. నెమ్మదిగా లేచి, వచ్చి, నా ఒళ్లో గడ్డం పెట్టాడు. పెద్ద నిట్టూర్పు ఒకటి విడిచి కళ్లు మూశాడు. ఇన్నాళ్లలో మొదటిసారి నా ఎదుట నిద్రపోయాడు. నేను ఏడ్చాను. ఏడవలేదని క్లైడ్‌తో పందెం వెయ్యకండి, వాడు ఈపాటికే ఊరంతా చెప్పుంటాడు.

బ్రొన్విన్ బట్టలు దులుపుకుని, డచెస్ మెడ మీద ఆ యంత్రాన్ని ఓసారి తిప్పి చూసింది. “కుక్క వల్ల ప్రమాదం లేదు. మూతికి బుట్ట మాత్రం ఒకరికి అవసరమే, కానీ మనుషులకి వేసే అధికారం నాకు లేదు. వాడికి రోజూ బుర్రకి పని పెట్టండి. దాచిన వస్తువులు వెతికించండి, అప్పుడప్పుడూ గొర్రెల దగ్గరికి తీసుకెళ్లండి. పని అవ్వగానే ‘చాలు’ అనండి. ఇక క్లైడ్ గారూ, ఈ ముసలమ్మ చిప్‌లో మీ పాత అడ్రసే ఉంది…”

క్లైడ్‌కి ఎవరింట్లోనో పైపు పగిలిన సంగతి అప్పుడే గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

గ్వెండా రేంజర్‌ని బల్ల దగ్గరికి తీసుకెళ్లి స్కోన్లు పెట్టింది, జామ్ వేసింది, మీగడ వేసింది. ఇద్దరూ తింటున్నారు. నేను ఎండలో గడ్డి మీద ఉన్నాను.

“గ్వెండా,” అన్నాను గుసగుసగా, “కాలు తిమ్మిరెక్కింది.”

“ఎక్కనీ.”

“ఎంతసేపు ఇలా?”

“వాడు లేచేదాకా. ఎన్ని నెలల నిద్ర బాకీ పెట్టావో లెక్క చూసుకో.”

“ఒక్క స్కోనైనా ఇటు…”

“ఇద్దరికే ఉన్నాయి. ష్, వాణ్ణి లేపకు,” అంటూ ఆఖరిది కూడా రేంజర్ పళ్లెంలో పెట్టింది.

లేపనులెండి. ఆకలేస్తోంది, నడుం లాగుతోంది, రెండో కాలు కూడా నాది కాకుండా పోయింది. అయినా, నా ఒళ్లో వాడి ఊపిరి వెచ్చగా, ఏ తొందరా లేకుండా ఆడుతోంది. గ్వెండా వచ్చి లెమ్మని బతిమాలినా నేను కదిలేవాణ్ణి కాదు.