పొట్టు కలపని రంగు

రంగుల కొట్లో పనిచేసే ఆయన్ని వీధి వీధంతా రంగులాయన అనే పిలుస్తుంది. గోడ పెచ్చు ఒకటి చూపిస్తే చాలు, అచ్చం అదే రంగు కలిపి ఇస్తాడు. అలాంటివాడికి బీపీ వచ్చింది. ఇంట్లో తెల్ల రొట్టె పోయి, పొట్టు తీయని పిండితో చేసిన ముదురు రొట్టె వచ్చింది.

"ఇది నమలాలంటే ఇంకో జత దవడలు కావాలే," అన్నాడు.

"మాట్లాడటం తగ్గించండి. ఉన్నవే సరిపోతాయి," అంది భార్య.

చివరికి బేరం కుదిరింది. నెలాఖరుకి బీపీ దిగకపోతే తెల్ల రొట్టె తిరిగొస్తుంది. తన బీపీ దిగకూడదని మొక్కుకున్న రోగి ఆ వీధి మొత్తానికి ఆయనొక్కడే.

మొక్కుతో ఊరుకోలేదు. మైదాలో కాఫీ పొడి చిటికెడు చిటికెడు కలిపి, కిటికీ వెలుతురులో పట్టి చూసి, పొట్టు పిండి రంగు తెప్పించాడు. డబ్బాలో దాన్ని నింపి, అసలు పిండిని అటకెక్కించాడు.

మర్నాడు రొట్టె కొరికితే పళ్లు కదిలాయి. మైదా ఇంత గట్టిగా ఉంటుందా? రంగు వల్లేమోలే అనుకున్నాడు. ఇల్లంతా కాఫీ వాసన రావడంతో అనుమానం కూడా తీరిపోయింది.

నెలాఖరుకి బీపీ దిగింది.

"మాత్ర, నడక, ఈ రొట్టె, మూడూ ఆపకండి. ఇక ఎప్పటికీ ఇంతే," అంది డాక్టరమ్మ.

ఆయనకి బుర్ర తిరిగిపోయింది. తిన్నది మైదా, దిగింది బీపీ. ఎప్పటికీ అన్న మాట వినేసరికి నిజం కక్కేశాడు.

"నేను తిన్నది మైదా అండీ. అంటే బీపీకి మైదాయే మందన్నమాట."

డాక్టరమ్మ పక్కనే కూర్చున్న ఆయన భార్య వైపు చూసింది.

"డబ్బాలో పిండి జల్లిస్తే జల్లెడలో ఒక్క పొట్టు పలుకు మిగల్లేదండీ," అంది భార్య నెమ్మదిగా. "రంగు కలిపారు గానీ పొట్టు కలపడం మర్చిపోయారు. అటక మీద పిండి దొరికింది. ఈయనకి దాంతోనే చేసిపెట్టాను."

"మరి నా మైదా?"

"జిగురు కాచాను. వంటింటి అరల్లో గోధుమరంగు కాయితాలు అంటించింది దాంతోనే. ఇల్లంతా కాఫీ వాసనంటూ మురిసిపోయారుగా."

తిరిగొచ్చి ఇంటి మెట్లెక్కుతూ ఆయన ఉండబట్టలేక అడిగాడు.

"కాయితం మీద జిగురు మరకలు కనిపిస్తున్నాయా?"

"ఎక్కడా తెలీదు. రంగు అంత బాగా కలిసింది."

రంగులాయన కాస్త ఛాతీ విరుచుకుని లోపలికెళ్లి, ముదురు రొట్టె ముందేసుకుని నమలడం మొదలెట్టాడు.