నిన్నటి రొట్టెల జట్టు

ఆ ఆదివారం ఉదయం నార్బర్ట్ డుడెక్ పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, టొలీడోలో ఉన్న క్లైడ్ హాస్కిన్స్‌కు ఫోన్ చేసి, ఎల్వుడ్ చనిపోయాడని చెప్పాలి. చెప్పవలసిన మాట చిన్నదే. వంటింట్లో సింకు ముందు నిలబడి ఒకటికి రెండుసార్లు పైకి అని చూసుకున్నాడు కూడా. కుళాయికి చెప్పినప్పుడు బాగానే వచ్చింది.

ఎల్వుడ్ క్రౌస్‌ను మట్టిచేసి అప్పటికి వారం దాటింది. పెట్టె మోసిన వాళ్లలో నార్బర్ట్ ఒకడు. చర్చి కింది హాల్లో అందరితోపాటు హామ్ శాండ్‌విచ్ తిన్నాడు. ఎల్వుడ్‌తో ఒకే ఇంట్లో ఉండే అతని అక్క విల్మా చెయ్యి కాసేపు పట్టుకుని వదిలేశాడు. ఇంటికొచ్చి గ్యారేజీ ముందు పడ్డ మంచు ఎత్తిపోశాడు. అన్నీ చేశాడు గానీ, ఎల్వుడ్ పోయాడన్న మాట మాత్రం తన నోటితో ఎవరికీ చెప్పలేదు. తమ ఊరు ఈరీలో ఆ అవసరం రాలేదు, ఊరంతటికీ తెలుసు. తెలియనిది లీగ్ వాళ్లకే.

లీగ్ అంటే నలుగురు మనుషులు. వాళ్లాడేది బల్ల మీద బేస్‌బాల్. ఒక్కో ఆటగాడికి ఒక అట్టముక్క ఉంటుంది. వాడు ఒకప్పుడు నిజం మైదానంలో ఎలా ఆడాడో అంతా దాని మీద అంకెల్లో ఉంటుంది. పాచికలు వేస్తే, పడిన అంకెను బట్టి వాడు బంతిని బాదాడో, ఔటయ్యాడో తేలుతుంది. రైలింజన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన నార్బర్ట్ తన జట్టుకు 'బాయిలర్లు' అని పేరు పెట్టుకున్నాడు. బతుకంతా రొట్టెల వ్యాను నడిపిన ఎల్వుడ్ జట్టు పేరు 'నిన్నటి రొట్టెలు'. క్లైడ్‌ది 'టొలీడో తూనీగలు'. నాలుగోవాడు అక్రన్‌లో ఉండే మిల్టన్ ప్రైస్ మాస్టారు. ఆయన పాచికలు మానేసి అదే ఆటను కంప్యూటర్ చేత ఆడిస్తాడు. కాఫీ చల్లారేలోగా అది సగం సీజన్ ఆడి పక్కన పడేస్తుంది.

"తిట్టినా ఉలకదు, పలకదు. దాంతో ఏం ఆటరా?" అనేవాడు ఎల్వుడ్.

దూరపు జట్టుతో ఆడవలసి వస్తే, వాళ్లు ఎవరెవరిని దింపాలో ఫోన్లో చెబుతారు, ఇవతలివాళ్లు నిజాయితీగా పాచికలు వేసి ఫలితం చెబుతారు. ఎల్వుడ్‌కు ఫోన్లో సరిగ్గా వినపడదు. అందుకని ఈరీ జట్లు రెండింటి సంగతీ ఆదివారం ఉదయం నార్బర్టే క్లైడ్‌కు చెప్పేవాడు. ఇది ఎన్నో ఏళ్ల అలవాటు.

"ఆఁ, చెప్పరా," అన్నాడు క్లైడ్. నోట్లో ఏదో నములుతున్నాడు. "మీ ఇద్దరి మూడాటలూ అయ్యాయా? రొట్టెలోడు ఎన్ని గెలిచాడు?"

నార్బర్ట్ నోరు తెరిచాడు. సింకు ముందు అనుకున్న మాట నాలుక దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"రెండు," అన్నాడు.

"అబ్బో. సరే, రాసుకున్నా."

ఫోన్ పెట్టేశాక నార్బర్ట్‌కు సిగ్గేసింది. చావు దాచినందుకు కాదు, ఆడని ఆటకు ఫలితం చెప్పినందుకు. ఇన్నేళ్లలో ఒక్క దొంగపాచిక వేసి ఎరగడు. పోనీ చెప్పినదాన్ని నిజం చేద్దామని, ఆస్పత్రిలో ఎల్వుడ్ తన చేతికిచ్చిన అట్టల పెట్టె తెరిచి బల్ల మీద పరిచాడు. రెండు వైపులా తానే ఆడాడు. ఎల్వుడ్ వంతు వచ్చినప్పుడల్లా లేచి ఎదుటి కుర్చీలోకి మారాడు. అంత శ్రమపడితే ఎల్వుడ్ మూడూ ఓడిపోయాడు.

నిజాయితీపరుడికి ఇక దారేముంది? మళ్లీ ఫోన్ చేశాడు.

"క్లైడ్, ఇందాక పొరపాటు చెప్పా. ఎల్వుడ్ మూడూ ఓడాడు."

"అదేంట్రా? వాడొప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

అవతల నమలడం ఆగిపోయింది. "చేతికొచ్చిన రెండాటలు లాక్కుంటే ఎల్వుడ్ నోరెత్తలేదా? ఒంట్లో బాగానే ఉందా వాడికి?"

"గొంతు," అన్నాడు నార్బర్ట్. "గొంతు బాగోలేదు."

ఇలా చెయ్యడానికి తనకు తాను ఒక కారణం చెప్పుకున్నాడు. లీగ్‌లో యజమాని పోతే అతని జట్టును మిగతావాళ్లు పంచుకోవాలని నిబంధన ఉంది. పెట్టింది ఎల్వుడే, ముందు పోయేది తాను కాదన్న ధీమాతో. సీజన్ అయ్యేదాకా జట్టును చీలనివ్వకూడదు, అందుకే చెప్పలేదు అనుకున్నాడు నార్బర్ట్. అట్లా అనుకుంటే కాస్త నిద్ర పట్టేది.

నాలుగు రోజులైనా కాకముందే మిల్టన్ ఫోన్ చేశాడు. "క్లైడ్ చెప్పాడు, పాపం ఎల్వుడ్ గొంతు గురించి. మా తోడల్లుడి తేనెపట్ల తేనె ఒక సీసా పోస్టులో వేశాను. గోరువెచ్చని నీళ్లలో కలిపి పుక్కిలించమను."

"ఎక్కడికి పంపారు?"

"ఎల్వుడ్ ఇంటికే. ఇంకెక్కడికి?"

నార్బర్ట్ ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాడు. చనిపోయిన తమ్ముడి గొంతు నయం కావాలని విల్మా గుమ్మంలోకి తేనె వస్తుంది. ఎనభై దాటిన మనిషి. ఆమె మొహం చూడలేకే అంత్యక్రియలయ్యాక అతను ఆ వీధి వైపే వెళ్లలేదు. ఇప్పుడు తప్పలేదు. మర్నాటి నుంచి పోస్టు వ్యాను వచ్చే వేళకు వెళ్లి ఆ ఇంటి ముందు అటూ ఇటూ తచ్చాడడం మొదలుపెట్టాడు. పక్కింటి కుక్క మొదట మొరిగింది, తరవాత అలవాటు పడింది. చివరికి ఒక శనివారం అరుగు మీద అట్టపెట్టె కనిపిస్తే దొంగలా వంగాడు. తలుపు తెరుచుకుంది.

"ఏం నార్బర్ట్?" అంది విల్మా.

"మెట్ల మీద మంచు గడ్డకట్టిందేమోనని, చూసి పోదామని."

"మెట్లు బాగానే ఉన్నాయి. లోపలికి రా. సూప్ ఉంది."

అట్టపెట్టె ఆమే అందుకుని లోపలికి తెచ్చింది. ఎవరు పంపారో చదివిందో లేదో అతనికి తెలియలేదు. సీసా బయటికి తీసి, మూత తిప్పి, అతని టీలో ఒక చెంచాడు వేసి కలిపింది. ఏమీ అడగలేదు. క్యాబేజీ సూప్ తాగుతూ నార్బర్ట్ ఎల్వుడ్ కుర్చీ వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. కుర్చీ వీపున వాడి గళ్లచొక్కా ఇంకా అలాగే వేలాడుతోంది.

"శనివారం శనివారం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది," అంది విల్మా. "ఇదివరకు ఆ పాచికల చప్పుడుకి తలనొప్పొచ్చేది. మెట్లు చూడ్డానికి వచ్చే శనివారం కూడా రా."

మే నెలలో కూడా నార్బర్ట్ మెట్ల మీద మంచు చూడ్డానికే వెళ్లాడు. అట్టల పెట్టె చంకన పెట్టుకుని వెళ్లేవాడు. విల్మా అడగలేదు గనక అతను చెప్పలేదు. ఆమె వంట చేస్తుంటే బల్ల దగ్గర పాచికలు వేసేవాడు, ఎల్వుడ్ వంతు వచ్చినప్పుడు గళ్లచొక్కా ఉన్న కుర్చీలోకి మారేవాడు. ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు.

అయితే ఒక చిక్కు వచ్చింది. నిన్నటి రొట్టెలు గెలవడం మొదలుపెట్టాయి. బతికుండగా ఎల్వుడ్ ఎప్పుడూ చివరినుంచి రెండో స్థానం దాటలేదు. ఇప్పుడు పట్టిందల్లా బంగారమే. పాచికలు పారడం సరే, అవతలివాళ్లు కూడా తెలివితక్కువ పనులు చేస్తున్నారు.

"మా మొదటి పిచ్చర్‌ని కూర్చోబెట్టు," అన్నాడు క్లైడ్ ఒకసారి ఫోన్లో. "భుజం నొప్పి. ఆ కొత్త కుర్రాడితో బంతి వేయించు."

"సరే," అన్నాడు నార్బర్ట్, లోపల సంతోషిస్తూ.

మిల్టన్ కూడా కంప్యూటర్ లెక్క తప్పిందనో, దానికి జ్వరమొచ్చిందనో ఆటలు పోగొట్టుకుంటున్నాడు. సెప్టెంబరు వచ్చేసరికి ఎల్వుడ్ జట్టు ఫైనల్‌కు చేరింది. ప్రత్యర్థి క్లైడ్. ఫైనల్ ఎదురెదురుగా కూర్చునే ఆడాలి, అదీ ఎల్వుడ్ పెట్టిన నిబంధనే.

"శనివారం వస్తున్నాం, నేనూ మిల్టనూ," అన్నాడు క్లైడ్.

"రావద్దు. వాడు మాట్లాడలేడు. డాక్టర్ మాట్లాడొద్దన్నాడు."

"పాచికలెయ్యడానికి మాటలెందుకు?"

"ఊళ్లో లేడు. ఫ్లోరిడా వెళ్లాడు. గొంతుకి అక్కడి గాలి మంచిదని."

"ఎల్వుడా? ఫ్లోరిడాకా? జూలైలో ఎండకి తిట్టుకుంటూ ఫ్రిజ్ తలుపు తీసి దానిముందు కూర్చునేవాడు, వాడా?"

"పెద్దతనం. మనిషి మారాడు."

అవతల క్లైడ్ నములుతున్నది మింగాడు. తరవాత, "సరే. అయినా వస్తాం. విల్మాని చూసి పోతాం," అన్నాడు మెల్లగా.

శనివారం తెల్లారగానే నార్బర్ట్ గడ్డం గీసుకుని, కోటు వేసుకుని విల్మా ఇంటికి బయల్దేరాడు. వాళ్లు వచ్చేలోగా ముందు ఆమెకు అంతా చెప్పుకోవాలి. ఆమె తలుపు తీసింది. చర్చికి వేసుకునే నీలం గౌనులో ఉంది. ఓవెన్లో హామ్ కాలుతున్న వాసన వస్తోంది. బల్ల మీద నాలుగు కంచాలున్నాయి.

"విల్మా, మీకొక సంగతి చెప్పాలి," అని మొదలుపెట్టాడు. ఇంతలో వీధిలో కారు ఆగింది. క్లైడ్, మిల్టన్ దిగారు. ఇద్దరూ నల్ల కోట్లలో ఉన్నారు. మిల్టన్ చంకలో కంప్యూటర్ ఉంది.

నార్బర్ట్ అరుగు మీదే నిలబడిపోయాడు. ఇక అబద్ధం మీద అబద్ధం పేర్చడానికి చోటు లేదు.

"ఎల్వుడ్ చనిపోయాడు," అన్నాడు. "ఏప్రిల్లోనే పోయాడు. నేను చెప్పలేదు."

క్లైడ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "తెలుసురా," అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"గొంతు బాగోలేదన్నావే, ఆ వారమే. ఎలా ఉందో కనుక్కుందామని విల్మాకి ఫోన్ చేశా."

"తేనె సీసా అందాక విల్మా నాకు చెప్పారు," అన్నాడు మిల్టన్. "ఫోన్ చేసి థాంక్స్ కూడా చెప్పారు."

నార్బర్ట్ విల్మా వైపు తిరిగాడు. ఆమె ఆప్రాన్‌కు చేతులు తుడుచుకుంటోంది. "నేనే ఎవర్నీ ఏమీ అనొద్దన్నాను. శనివారాలు వచ్చి ఇంత వేడి సూప్ తాగుతున్నావు. అది చాల్లే అనుకున్నాను."

గుండెల మీది బరువు దిగిపోయినట్టయింది. అయితే అది దిగిన చోటికి ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది.

"ఒక్క నిమిషం," అన్నాడు. "నీ పిచ్చర్‌కి భుజం నొప్పన్నావు."

క్లైడ్ టోపీ అంచు తిప్పుతూ ఉండిపోయాడు.

"అట్టముక్కకి భుజం నొప్పేంట్రా?"

"అప్పుడు నమ్మావుగా."

"మీరు కూడానా మాస్టారూ?"

"కంప్యూటర్‌కి ఓడిపోవడం చేతకాదు నార్బర్ట్," అన్నాడు మిల్టన్ దిగులుగా. "ఎంత చెప్పినా గెలవాలనే చూస్తుంది. చివరికి నా మంచి కుర్రాళ్లు ముగ్గురికీ కాళ్లు విరిగాయని దాన్ని నమ్మించాల్సొచ్చింది."

నార్బర్ట్ మొహం కందగడ్డయింది. "అంటే వాడి గెలుపులన్నీ మీరేసిన భిక్షా? చచ్చాడని అంత అలుసా? వాడే ఉంటే ఆ పాచికలు మీ మొహాన కొట్టేవాడు. జాలిపడి ఆట వదిలేస్తార్రా ఎవరైనా వాడికి?"

"వాడి మీద జాలి కాదురా," అన్నాడు క్లైడ్. "నీ మీద."

నార్బర్ట్ అరుగు మెట్టు మీద కూలబడ్డాడు. పక్కింటి కుక్క వచ్చి వాసన చూసి, తెలిసినవాడే అనుకుని వెళ్లిపోయింది. అతని భుజాలు కదులుతుంటే క్లైడ్ వీధివైపు చూస్తూ నిలబడ్డాడు. మిల్టన్ కంప్యూటర్‌ను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. చివరికి విల్మాయే, "హామ్ మాడిపోతోంది," అని అందర్నీ లోపలికి పిలిచింది.

భోజనాలయ్యాక నార్బర్ట్ అట్టల పెట్టె బల్ల మీద పెట్టాడు. "ఫైనల్ ఆడదాం. సరిగ్గా ఆడదాం. భుజాలూ కాళ్లూ అన్నీ నయమైపోవాలి."

"సరే," అన్నాడు క్లైడ్. "ఎల్వుడ్ తరఫున నువ్వే వెయ్యి."

నార్బర్ట్ పాచికలు చేతిలోకి తీసుకుని గళ్లచొక్కా ఉన్న కుర్చీ దాకా వెళ్లాడు. ఇన్ని నెలలు కూర్చున్న కుర్చీయే. నిజం బయటికి చెప్పేశాక అందులో కూర్చోలేకపోయాడు. "నావల్ల కాదు," అన్నాడు.

"ఇటివ్వు," అంది విల్మా. చొక్కా ఒళ్లోకి తీసుకుని ఆ కుర్చీలో కూర్చుంది.

క్లైడ్ మాట తప్పలేదు. భుజం నయమైన పిచ్చర్‌ను మొదటి ఇన్నింగ్స్‌లోనే దింపాడు. ఆమె వేసిన పాచికలకు వరసగా ముగ్గురు ఔటయ్యారు, మళ్లీ ముగ్గురు. అవతల తూనీగలు ఇష్టమొచ్చినట్టు బాదారు. సగం ఆట అయ్యేసరికి చూడ్డానికే బాధగా ఉంది. నార్బర్ట్ ఒక్కసారి "క్లైడ్" అన్నాడు, ఇక చాలన్నట్టు. క్లైడ్ తల ఎత్తకుండానే, "నువ్వే కదా సరిగ్గా ఆడమంది," అన్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. చివరికి తూనీగలకు పదకొండు పరుగులు, రొట్టెలకు రెండు. ఆఖరి పాచిక ఆగాక గదిలో ఎవరూ కదల్లేదు. ముగ్గురు మగవాళ్లూ తలవంచుకుని ఎదురుచూశారు. సరిగ్గా ఇక్కడ ఎల్వుడ్ పాచికల్ని, క్లైడ్‌ని, క్లైడ్ వంశాన్ని తిట్టాలి. ఎదురుగా ఉన్న కుర్చీ నుంచి ఏ మాటా రాలేదు. మిల్టన్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు తెలిసింది నార్బర్ట్‌కు, ఎల్వుడ్ ఇక లేడని.

చాలాసేపటికి మిల్టన్ దగ్గాడు. "మరి, నిబంధన ప్రకారం జట్టును..."

"ఆ నిబంధన పెట్టినవాణ్ని చంకనేసుకుని పెంచాను నేను," అంది విల్మా, అట్టల పెట్టెను తన వైపు లాక్కుంటూ. "జట్టెక్కడికీ పోదు. శనివారం శనివారం నార్బర్ట్ వస్తాడు. మీరు ఫోన్ చెయ్యండి. నాకు బాగానే వినపడుతుంది."

నార్బర్ట్ లేచి వెళ్లి ఆమెకు ఎదురుగా తన పాత కుర్చీలో కూర్చున్నాడు.

క్లైడ్ ముఖం తేటపడింది. అందరి మనసులూ తేలికపడ్డాయి గదా అని, ఇదే అదనుగా కాస్త ముందుకు వంగి, "అయితే విల్మా, మీ రొట్టెల్లో ఆ ఎడమచేతి పిచ్చర్ మీకెందుకు చెప్పండి, వాణ్ని నాకిస్తే నా కుర్రాళ్లు ఇద్దర్నిస్తాను," అన్నాడు.

విల్మా దానికిచ్చిన జవాబుకు మర్నాడు చర్చిలో ఫాదర్ దగ్గర పాపక్షమాపణ అడగాల్సి వచ్చింది.