నీళ్లకు కూడా లొంగిన వైరస్

ప్రపంచంలో ఏ ప్రయోగశాలా సాధించలేనిది, భద్రాచలంలో మా వీధి చివరి ప్రయోగశాల ఒక్క పూటలో సాధించింది. అక్కడ పరీక్షించిన ప్రతి ఆకూ డెంగీకి మందేనని తేలింది.

పద్ధతి తేలికే. వైరస్ పెరగాలంటే కత్తెరలా పనిచేసే ఒక ఎంజైమ్ ఉండాలి. దాన్ని బొట్టుబిళ్లంత గుంటల్లో పోసి, అది కత్తిరిస్తే మెరిసే రసాయనం కలుపుతారు. పైన ఆకు పసరు వేస్తారు. మెరిస్తే ఆకు దండగ. మెరవకపోతే ఎంజైమ్ ఆగినట్టు, మందు దొరికినట్టు.

ముందురోజు గాలివానకు కరెంటు పోయి ఎంజైమ్ ఉన్న ఫ్రిజ్ ఆగింది. (మా ఇంట్లో ఇడ్లీపిండికి ఇన్వర్టర్ ఉంది.) తెల్లారి ఒక్క గుంటా మెరవలేదు. సంచాలకులు రామకృష్ణగారు మిఠాయి తెప్పించారు. మా పైవాటాలో కిరాయికుండే యశోద అక్కడే టెక్నీషియన్. ఆమె మరిచిన టిఫిన్ ఇవ్వడానికి వెళ్లి నేనూ రెండు మిఠాయిలు తిన్నాను.

"సార్, ఎంజైమే సచ్చింది. సచ్చినదాన్ని ఏ ఆకు ఆపుతది?" అంది యశోద. నమ్మకం కోసం పసరు లేకుండా ఉత్త నీళ్లు పోసి చూపింది. అదీ మెరవలేదు.

"అయితే నీళ్లు కూడా మందే. రాసుకో."

"పసరు లేని గుంటలు రోజూ కొన్ని పెట్టాలె, ఎంజైమ్ బతికున్నదో లేదో తెలుస్తదని మొదటి సంది మొత్తుకుంటున్న సార్."

"ఉత్త గుంటలకు బడ్జెట్ లేదమ్మా."

అప్పుడే, అడవి నుంచి ఆకులు తెచ్చే భీమక్క మూటతో వచ్చింది. "సారూ, మా ఇంటాయనకు డెంగీ అన్నరు. మొన్నటి సంది లేస్తలేడు. ఏ ఆకు తాపమంటరు?"

"ఏదైనా తాపు. అన్నీ పనిచేస్తున్నాయి" అన్నారు సంచాలకులు, శాస్త్రీయంగా.

"ఏదీ తాపకు అక్కా! ఏడున్నడు ఆయన?" అంది యశోద.

"గేటుకాడ పండుకున్నడు. సారు పెద్ద సదువు సదివిండు గద బిడ్డా?"

"సదివిండు. నువ్వు జల్దీ ఆటో ఎక్కు, దవాఖానాకు పోదాం."

నేనూ ఎక్కాను. దారి పొడవునా భీమక్క భర్త జంపయ్య కళ్లు తెరవలేదు. భీమక్క ఆకుల మూట వదలలేదు.

దవాఖానాలో సెలైన్ ఎక్కించారు. జంపయ్య బతికాడు.

ప్రయోగశాల వెంటనే ప్రకటన ఇచ్చింది: సెలైన్‌లో ఉన్నది ప్రధానంగా నీళ్లే కనుక, జంపయ్య తమ మొదటి విజయం. పరిశోధన ఫలితాన్ని లెక్కచేయకుండా రోగిని దవాఖానాకు తరలించినందుకు యశోదకు మెమో.

రెండో విజయం కోసం రోగుల నుంచి దరఖాస్తులు కోరుతున్నారు. ఎంజైమ్ బతికి ఉండాలన్న నిబంధనను రద్దు చేశారు. దరఖాస్తుదారు బతికి ఉండాలన్నది పరిశీలనలో ఉంది.