చేతులు విడిగా అమ్మబడును

వీడియో గేమ్‌ను ఒక్కసారే కొని ఊరుకునేవాడు భూమికి భారం! ఉత్తముడు అదే గేమ్‌కు మొదటిసారి పెట్టిన నిండు ధర రెండోసారీ పెడతాడు. ఆ రెండో కొనుగోలు పేరు ఎక్స్‌పాన్షన్. మన భాషలో కొసరు. కాకపోతే మన కూరగాయల అంగడిలో కొసరు ఊరికే వేస్తారు. అందుకే మనం ఇట్లా వెనకబడి ఉన్నాం.

జనగామలో నా అంగీలు కుట్టే రజాక్‌భాయ్ కూతురు జోయా ఇంటర్ చదువుతోంది. రంజాన్ పండక్కి పెద్దలిచ్చిన ఈదీ దాచుకుని ఒక గేమ్ కొంది. కోట గెలవాలి. నెలల తరబడి ఆడి, శత్రువులను కూల్చి, కోట తలుపు దాకా వెళ్ళింది. తలుపుకు తాళం! లోపలి రాజ్యం ఎక్స్‌పాన్షన్‌లో ఉందట. ధర మళ్ళీ మొత్తం గేమ్ ధరే. పిల్ల ఏడ్చింది.

ఎందుకేడవాలి? తలుపు చూపించారు కదా! లోపలి రాజ్యం మొదటిరోజే తయారై ఉందని, తాళమొక్కటే తర్వాత వేశారని గిట్టనివాళ్ళు అంటారు. అయితే ఏం? పెళ్ళికి పిలిచి, అన్నం వడ్డించి, కూర కోసం మళ్ళీ చదివింపులు అడిగితే అది మర్యాద కాదా? మానుకోట టికెట్టు కొన్నవాణ్ణి సగం దారిలో తొర్రూరులో దింపి, మిగతా దారికి మళ్ళీ మానుకోట టికెట్టే కొట్టే కండక్టరు మనకింకా పుట్టలేదు. అదీ మన దరిద్రం!

బిడ్డకు ఎక్స్‌పాన్షన్ కొనిపెట్టమని రజాక్‌భాయ్‌కి ఇదంతా బోధించాను. మర్నాడు నాకు సన్మానం ఉంది. కొత్త అంగీకి బట్ట ఇచ్చి, కుట్టుకూలి కూడా ముందే ఇచ్చాను.

"మస్తు చెప్పిన్రు సార్, సమజైంది" అన్నాడాయన.

మిగిలిన బట్టతో ఒక సంచి కుట్టి ఊరికే ఇవ్వడం రజాక్‌భాయ్ అలవాటు. మర్నాడు పొద్దున వెళ్తే సంచి ఇచ్చాడు, అంగీ ఇచ్చాడు. అంగీకి చేతులు లేవు!

"చేతులేవి భాయ్?"

"సంచిల ఉన్నయి సార్. కోసి, కాజాలు గూడ చేసి పెట్టిన. అంగీకి కలపాల్నంటే ఇంకో అంగీ కూలి. ఎక్స్‌పాన్షన్!"

"అంగీ అంటే చేతులతోని కలిపే గదవయ్యా!" బజారంతా వినబడేట్టు అరిచాను. ఒళ్ళు మండిపోయింది.

మిషను వెనక నుంచి జోయా తల ఎత్తి తండ్రిని అడిగింది. "అబ్బా, సార్ ఎందుకు ఏడుస్తున్నరు? చేతులు చూపిచ్చినం గద!"

రెండోసారి పైసలు ఇవ్వనని తేల్చేశాను. గేమ్‌కు తానూ ఇవ్వనని రజాక్‌భాయ్ తేల్చేశాడు. కోట తలుపు అట్లాగే మూసి ఉంది.

సన్మానంలో ఆ అంగీ మీద కప్పిన శాలువా సభ ముగిసేదాకా తీయలేదు. ఇక అంగీ సంగతి. ఆ తాళం వేసిన గేమ్ కంపెనీ దొరకు దాన్ని కానుకగా పంపుతున్నాను. చేతులు మాత్రం నా దగ్గరే ఉంటాయి.