ఇంటికెన్ని మోపులు

ఆ ఉదయం సుజానా వేసుకున్న పథకం చాలా చిన్నది. పనసగుడలోని ఇరవై ఏడు ఇళ్లూ తిరగడం, వారానికి ఎన్ని మోపుల కట్టెలు కాలుస్తారో అడిగి రాసుకోవడం, సాయంత్రం బస్సుకి విశాఖ వెళ్లిపోవడం. అక్కడి పెద్ద యూనివర్సిటీలో ఆమె సహజ వనరుల పరిరక్షణలో ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. అది 2001 మార్చి. నెలాఖరుకి ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వకపోతే ఏడాది పోతుందని గైడు ఎజ్రా మాస్టారు ముందే చెప్పారు. హాస్టల్లో ఆమెకున్న గడువు కూడా రెండేళ్లే. పుట్టిన ఊరైతే పని బేగి తెములుతుందని పనసగుడనే ఎంచుకుంది.

మొదటి ఇల్లు కనకది.

"వారానికి ఎన్ని మోపులు తెస్తావు పిన్నీ?"

కనక చూపంతా సుజానా చేతిలోని అచ్చు కాగితం మీదే ఉంది. కట్టెలు ఎక్కువగా కాల్చే ఇళ్లకి గ్యాస్ పొయ్యిలిస్తారని కిందటి శుక్రవారం అరకు సంతలో ఎవరో అంటుంటే విని వచ్చింది.

"ఇది గేసు పొయ్యిల కాయితమేనేటి?"

"కాదు పిన్నీ, నా చదువు కోసం."

"సెప్పకూడదని రూలేమోలే. ఏడు రాసుకో."

నిజానికి రెండు. బుధవారం ఒకటి, శనివారం ఒకటి. తన తల్లి తెరిసమ్మతో కలిసి కనక కొండకి వెళ్లడం సుజానా చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. కానీ జనం చెప్పింది చెప్పినట్టు రాయాలనీ, సొంత అభిప్రాయం కలపకూడదనీ మాస్టారు మరీ మరీ చెప్పి పంపారు. ఏడు అని రాసింది.

ఆమె కన్నా ముందే కబురు పక్కింటికి చేరిపోయింది.

"కనక ఏడు సెప్పిందా? ఆళ్లింట్లో ముగ్గురే. మా ఇంట్లో ఆరుగురం. నాకు పన్నెండు రాయి" అంది అసిరమ్మ.

ముసలి అచ్చియమ్మ మోకాళ్ల నొప్పులతో గుమ్మం దిగి రెండేళ్లయింది. ఆమె తొమ్మిది అంది.

"నువ్వు కొండెక్కలేవు కదా మామ్మా?"

"ఎక్కలేనని రాత్తే నాకివ్వరు కదే గుంటా."

ఆఖరికి తెరిసమ్మ కూడా పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండానే ఎనిమిది అంది.

"అమ్మా, నువ్వు కూడానా?"

"ఊరందరికీ వచ్చి మనకి రాకపోతే నీ సదువెందుకే?"

సుజానా ఆ సాయంత్రం బస్సు ఎక్కలేదు. మోపులు తూచి చూస్తే నిజం తేలుతుందని మర్నాడు గిరిజన సొసైటీ డిపోలో కాటా అడిగి తెచ్చింది. ఆ సంగతి కూడా ముందే తెలిసిపోయింది కాబట్టి మోపులన్నీ రాత్రంతా ఊరి పక్క గెడ్డ నీళ్లలో నానాయి. కాటా కొక్కేనికి తగిలిస్తే నీళ్లు కారుతున్నాయి. తవిటమ్మ మోపు మరీ బరువుగా తూగితే విప్పి చూసింది. మధ్యలో నూరుడు రాయి ఉంది.

"రాయెందుకు అత్తా?"

"మోపు జారకుండా" అంది తవిటమ్మ, కాస్త కూడా తడబడకుండా.

హాస్టలుకి వెళ్లి లెక్క వేస్తే ఊరికి వారానికి రెండు వందల నలభై మూడు మోపులు తేలాయి. ఆ లెక్కన పనసగుడ కొండ నాలుగేళ్ల కిందటే బోడి అయిపోయి ఉండాలి. ఆమె మళ్లీ కూడింది. మళ్లీ అంతే వచ్చింది. కాగితాలు పట్టుకుని మాస్టారి గదికి వెళ్లింది.

"వాళ్లు ఎక్కువ చేసి చెప్పారు సార్."

"ఎక్కువని నీకెలా తెలుసు?"

"మా ఊరు సార్ అది."

"అందుకే నీ మాట చెల్లదు, వాళ్ల మాటే చెల్లుతుంది. కాదంటావా, మళ్లీ మొదటినుంచీ చెయ్యి. వచ్చే ఏడాదికి అవుతుంది."

సుజానా రిపోర్టు టైపు చేయించి ఇచ్చేసింది.

మాస్టారు ఆ అంకెల్ని ఒక సెమినార్లో చదివారు. ముందు వరుసలో అటవీ అధికారి ఒకరు కూర్చుని శ్రద్ధగా రాసుకున్నారు. పది రోజులకి ఆయన జీపు పనసగుడ ఎక్కింది. దారి చూపించడానికి వెనక సీట్లో సుజానా ఉంది.

మలుపులో జీపు కనబడగానే పొయ్యిలొచ్చేశాయని కనక ఊరంతా కేకేసింది. వానాకాలానికని అటకల మీద దాచుకున్న కట్టెలన్నీ ఆడవాళ్లు దించి, ఎవరి వాకిట్లో వాళ్లు గుట్టలు పోశారు. అధికారి దిగి వాటిని చూసి నిర్ఘాంతపోయాడు.

"కేసులు రాయాల్సిందే" అన్నాడు.

సుజానా ఇప్పుడు మాట్లాడితే డిగ్రీ పోతుంది. మాట్లాడకపోతే అమ్మ స్టేషనుకి పోతుంది.

"అవి నాలుగు నెలలకి దాచుకున్నవి సార్. ఇంటికి వారానికి రెండు మోపులే తెస్తారు. నా రిపోర్టు తప్పు."

"ఊరి పిల్లవి. అలాగే అంటావు" అన్నాడు అధికారి దయగా.

అప్పుడు తలెత్తి కొండ చూశాడు. అది చిక్కగా, పచ్చగా ఉంది. చాలాసేపు చూశాడు.

"ఇన్ని మోపులు తెస్తుంటే ఇది ఇంకా ఇలా ఎలా ఉందమ్మా?"

కేసు అన్న మాట విన్న కనక ఆ నెలలో మొదటిసారి నిజం చెప్పింది.

"పచ్చి సెట్టు మీద కత్తెయ్యం బాబూ. ఎండి రాలిందే ఏరుకుంటాం. మా అత్తల కాడ్నించీ అదే కట్టుబాటు."

అధికారి కేసులు రాయలేదు. వారానికి రెండు వందల నలభై మూడు మోపులు తీసినా తరగని కొండ గురించి పై వాళ్లకి రాశాడు. జూన్‌లో సభ పెట్టి కనకకి శాలువా కప్పారు, ఊరికి ప్రశంసాపత్రం ఇచ్చారు. సుజానాకి ఫస్టు క్లాసు వచ్చింది. అంత అపురూపమైన కొండని ఎవరూ పాడు చేయకూడదని ఆ నెలలోనే చుట్టూ ముళ్లకంచె వేసి బోర్డు పెట్టారు: ఎండుపుల్ల కూడా తియ్యరాదు.

అప్పట్నించీ పనసగుడ ఆడవాళ్లు గెడ్డ దాటి, ఆరు కిలోమీటర్లు నడిచి అవతలి కొండకి పోతున్నారు. అక్కడి ఎండుపుల్లలు ఆ కొండ కింది ఊరికీ పనసగుడకీ కలిపి చాలవు. మొదటిసారి పచ్చి కొమ్మ నరికినప్పుడు తెరిసమ్మ కత్తి పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుంది. ఆ రోజు సుజానా కూడా వెంట వెళ్లింది. తిరిగొస్తూ దారిలో మోపు దించి ఏడ్చింది.

"నీ తప్పేటుందే. మేం సెప్పిందే కదా రాసావు" అంది తల్లి, మోపు మళ్లీ ఆమె తలకెత్తుతూ.

మరుసటి ఏడాది ఎజ్రా మాస్టారు ఒక కొత్త విద్యార్థికి ప్రాజెక్టు ఇచ్చారు: గెడ్డ అవతలి కొండ మీద చెట్లు ఎందుకు తగ్గుతున్నాయి.