కింది వరసలో సమ్మయ్య

ఆ పట్టణంలో ఫ్లెక్సీ మీద ఫోటో ఎంత ఉంటే మనిషి అంతే ఉంటాడు. ఫోటో పెరిగితే ఎత్తు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అసలు ఫోటోయే లేనివాళ్లు మామూలు ఎత్తులోనే తిరుగుతుంటారు గాని నాయకులకు, అధికారులకు కనిపించరు. తొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి. మూడడుగుల లోపు కార్యకర్తలకు బస్సులో అరటిక్కెట్టు కొడతారు.

మొన్నటిదాకా, ఫ్లెక్సీ కట్టిన మర్నాడు గాని ఎత్తు మారేది కాదు. బుధవారం ఉదయం ఫ్లెక్సీల దుకాణం నడిపే స్వరూప తన డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఏఐ అసిస్టెంటును కలపడంతో ఆ ఒక్కరోజు గడువూ పోయింది. ఆరోజు నాలుగింటికి మంత్రి వస్తున్నాడు, తొమ్మిది ఫ్లెక్సీలు కావాలి. ఫైళ్లు చూడవచ్చా, మార్చవచ్చా, అడగకుండానే మార్చవచ్చా అని తెర మీద మూడు ప్రశ్నలు వచ్చాయి. స్వరూప మూడింటికీ టిక్కు పెట్టింది. మండల పార్టీ అధ్యక్షుడు జనార్దన్ పంపిన నియమాల కాగితాన్ని కూడా దానికి ఇచ్చింది. పై వరసవాడికంటే కింది వరసవాడు పెద్దగా ఉండకూడదు, తల మీద తల పడకూడదు. అంతే అందులో ఉన్నది.

రెండున్నరకు గోనె సమ్మయ్య వచ్చాడు. పద్నాలుగో వార్డు కార్యకర్త, కింది వరసలో చివరివాడు, ఎత్తు మూడున్నర అడుగులు. పాత చొక్కా చేతులు నాలుగు మడతలు పెట్టి తొడుక్కున్నాడు. భార్య లచ్చవ్వకు మర్నాడు పొద్దున గుండె ఆపరేషన్. ఆసుపత్రివాళ్లకు సాయంత్రంలోగా మంత్రి సంతకం పెట్టిన సిఫారసు లేఖ కావాలి. లేఖ రాయించి తెచ్చుకున్నాడు, సంతకమే బాకీ. నాలుగడుగుల లోపు మనిషి మంత్రి కంటికి ఆనడు.

"చెల్లె, జర ఒక్క ఇంచు పెంచరాదు. మంత్రి కార్ల కెల్లి చూస్తే అగుపడాలె గద."

"నా చేతుల ఏమున్నదన్నా, అంతా గిదే చూసుకుంటాంది," అంటూ స్వరూప తెర చూపించింది.

అప్పుడే జనార్దన్ వాట్సాప్‌లో ఇంకో ఆరు ఫోటోలు పంపాడు. అసిస్టెంటు వాటిని పై వరసలో సర్ది, "కింది వరసను సరిచేశాను" అని రాసింది.

కుర్చీలో కూర్చున్న సమ్మయ్య కాళ్లు నేలకు అందలేదు.

"చెల్లె, ఈ కుర్చీ లేస్తాందా?"

"కుర్చీ గట్లనే ఉందన్నా."

మూడుంబావుకు మరో ఎనిమిది ఫోటోలు వచ్చాయి. వాటిలో జనార్దన్ బావమరిది రెండుసార్లు ఉన్నాడు, ఒకసారి కళ్లద్దాలతో, ఒకసారి లేకుండా. స్వరూప సమ్మయ్యను ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టింది. జానెడు మనిషి చొక్కా కాలరులోంచి తల బయటపెట్టి, ఫ్యాను గాలికి ఎగరకుండా లేఖ మీద ఎక్కి కూర్చున్నాడు.

సమ్మయ్యను పెద్దగా చెయ్యమని స్వరూప టైపు చేసింది.

"తప్పకుండా. ఆ చోటు ఎవరి నుంచి తీసుకోమంటారు?"

స్వరూప బాణం గుర్తును జనార్దన్ ఫోటో మీదికి జరిపి నొక్కింది. వెంటనే ఫోను మోగింది.

"ఏం జేస్తున్నవ్ స్వరూపా? నా పంచె నేల మీద గుంజుకపోతాంది."

"ఒక్క నిమిషం సార్, చూస్తున్న."

"చూడు. వచ్చే యేడు ఆర్డర్ల సంగతి గూడ చూసుకో."

ఆమె తీసుకున్న చోటు తిరిగి ఇచ్చేసింది. పంచె సరిపోయిందని జనార్దన్ మెసేజ్ పెట్టాడు.

మూడూ నలభైకి అసిస్టెంటు, "అంగుళం కంటే చిన్న ముఖాలు ముద్రణలో స్పష్టంగా రావు, తొలగిస్తున్నాను" అని రాసింది. మరుక్షణం సమ్మయ్య తన సొంత ఎత్తుకు వచ్చి, బల్ల దిగి కుర్చీలో కూర్చున్నాడు. ఫ్లెక్సీల అనుమతి చూడడానికి వచ్చిన మున్సిపల్ ఇన్‌స్పెక్టర్ ఆయన ఒళ్లో కూర్చుని, కొత్త కుర్చీ మెత్తగా ఉందని చెప్పి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

"అగుపడలే," అన్నాడు సమ్మయ్య. ఒళ్లో నలిగిన లేఖను అరచేత్తో సాపు చేసుకున్నాడు.

ఎక్కడైనా ఖాళీ ఉందేమో చూడమని స్వరూప అడిగింది.

"బతికి ఉన్నవారి ఫ్లెక్సీల్లో ఖాళీ లేదు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో పూర్తి సైజు ఖాళీ ఉంది. ఒక్క ఫోటోయే కాబట్టి ఏ నియమమూ అడ్డురాదు. మార్చమంటారా?"

ఈ ఒక్కదానికి మాత్రం అది అనుమతి అడిగింది.

స్వరూప చదివి వినిపించింది. గోడ గడియారం నాలుగుకు ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"అక్కడైతె మంత్రి ఆగుతడా?"

"ఆగకపోతె పేపర్ల రాస్తరన్నా."

"ఐతె ఒత్తు."

నాలుగూ పదికి మంత్రి కార్లు చౌరస్తాకు వచ్చాయి. అక్కడ కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ పక్కన సమ్మయ్య ఎనిమిదడుగుల ఎత్తున, చొక్కా చిరిగిపోగా, దుకాణంలో మిగిలిన ఫ్లెక్సీ ముక్క భుజాల మీద కప్పుకుని నిలబడి ఉన్నాడు. మంత్రి కారు ఆపించాడు. దిగి, చెప్పులు విడిచి, తలెత్తి సమ్మయ్య మొహంలోకి చూస్తూ చేతులు జోడించాడు. సమ్మయ్య లేని లోటు పూడ్చలేనిదన్నాడు. సమ్మయ్య వంగి లేఖ అందించాడు. మంత్రి దాని మీద సమ్మయ్య పేరు ముందు 'దివంగత' అన్న మాట ఒకటి చేర్చి సంతకం పెట్టాడు. పక్కన జనార్దన్ కళ్లు తుడుచుకుంటూ, మొదటిసారి ఆయన్ను అన్నా అని పిలిచాడు.

లేఖ చెల్లింది. మర్నాడు ఆపరేషన్ బాగానే జరిగింది. వార్డులోకి వెళ్లడానికి పాసులు బతికి ఉన్న బంధువులకే ఇస్తారు కాబట్టి సమ్మయ్య బయట నిలబడ్డాడు. కిటికీ పైన గాలి వచ్చే కంతలోంచి లచ్చవ్వను చూసుకోవడానికి ఆ ఎత్తు సరిగ్గా సరిపోయింది. మధ్యాహ్నం దుకాణానికి వచ్చి, తలుపులో పట్టకపోవడంతో గడప బయటే కూర్చున్నాడు.

"చెల్లె, ఈ ఫ్లెక్సీ ఎన్ని రోజులు ఉంచుతరు?"

"పదకొండో రోజు తీస్తరన్నా."

సమ్మయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"సాల్తది. లచ్చవ్వను పదో రోజు ఇంటికి పంపుతరట."