బిట్టుకు నొప్పి కలగకుండా ప్లైవుడ్ కోయుట

చెక్క కోసే రౌటర్ మెషిన్‌ని ఎంత నెమ్మదిగా నడిపితే లోకానికి అంత మేలని నేనంటాను. కాదనేవాళ్లు చేతులెత్తండి! ఎత్తిన చేతులు అలాగే ఉంచి మా బావగారి కథ వినండి.

మా బావగారికి అల్మారాలు చేసే షెడ్డుంది. అందులో కంప్యూటర్ చెప్పినట్టు ప్లైవుడ్ షీట్లు కోసే సీఎన్‌సీ రౌటర్, దాన్ని నడిపే ఆపరేటరమ్మ ఉన్నారు. మెషిన్ నడపడం ఆమెకు వచ్చు, నడవనివ్వకపోవడం ఈయనకు వచ్చు. గోడ మీద ఎర్రక్షరాల బోర్డు: 'నిదానమే ప్రధానం'.

మెషిన్ మూతికి బిగించి చెక్క కోసే బిట్ అంటే ఆయనకు ప్రాణం. "చిటికెన వేలంత లేదు. అంత మందం చెక్కలో పరిగెత్తిస్తే ఏమైపోతుందమ్మా పాపం!" అని, అది గిరగిరా తిరిగే వేగాన్ని ఆఖరిదాకా పెంచి, ముందుకు కదిలే వేగాన్ని నత్త కూడా నవ్వేంతగా తగ్గించారు.

"సార్, ఇలాగైతే బిట్ కొయ్యదు, ఉన్నచోటే రుద్దుకుంటుంది" అంది ఆపరేటరమ్మ. గుప్పెడు పొడి తీసి చూపించింది. "కోస్తే పొట్టు రావాలి. ఇదేమో పిండి. పట్టుకుని చూడండి, ఎలా కాలుతోందో!"

"పిండి మెత్తగా ఉందిగా! పని నాణ్యంగా ఉన్నట్టే."

అంచులు నల్లగా మాడాయి. ఎంత సౌకర్యం! రంగు ఖర్చు లేదు. చలికాలంలో హీటర్ అక్కర్లేదు. ఆ పొగకి దోమ అన్నది గుమ్మం తొక్కదు. ఇన్ని లాభాలుండగా ఒక కస్టమర్, బుద్ధిలేనివాడు, అల్మారా వెనక్కి పంపాడు. తప్పెవరిది? స్పీడు పెట్టింది బావగారు కనక, తప్పు ఆపరేటరమ్మదే!

"నీ చెయ్యే మంచిది కాదు. ఇంకొక్క షీట్ మాడిందా, నిన్ను ప్యాకింగులో కూర్చోబెడతా."

శబ్దం విని మెషిన్ జబ్బు చెప్పగల మనిషి ఆమె. ఆరేళ్ల పనితనం వదిలి అట్టపెట్టెలకు టేపు అంటించాలంటే ఆమెకు ఏడుపొచ్చింది. "ఈ మొద్దుబారినదాన్ని తీసేసి, ఆ కొత్త బిట్టయినా ఇవ్వండి సార్" అని బతిమాలింది.

షీట్‌కి అంటించిన లామినేట్ పొర చిట్లకుండా పైనా కిందా శుభ్రంగా కోసే కొత్త బిట్ ఇనప బీరువాలో, తాళంలో ఉంది. వాడితే అరిగిపోదూ? దాని పక్కనే మంటలార్పే సిలిండర్ కూడా భద్రంగా ఉంది. బయట పెడితే ఎవరైనా ఊరికే నొక్కేయరూ?

మంగళవారం మధ్యాహ్నం, రుద్దుకుని రుద్దుకుని బిట్ దగ్గర నిప్పురవ్వ లేచింది. పొడి పీల్చే గొట్టం దాన్నీ పీల్చింది. గొట్టం చివరి సంచి భగ్గుమంది.

అప్పుడు చూడాలి మా బావగారిని! షీట్ల మీంచి దూకి, చెప్పులు వదిలేసి, వీధి మలుపు దాకా ఒకటే పరుగు. "రండి! తొందరగా రండి!" అని కేకలు. బీరువా తాళంచెవి కూడా ఆయన జేబులో పరిగెత్తింది. ఆపరేటరమ్మ మెషిన్ ఆపి, సుత్తితో తాళం పగలగొట్టి, సిలిండర్ తీసి మంట ఆర్పింది.

మర్నాడు కొత్త సంచి తగిలించింది. చేతికందిన కొత్త బిట్ బిగించి, తిరిగే వేగం తగ్గించి, కదిలే వేగం పెంచి ఒక షీట్ కోసింది. అంచు నున్నగా వచ్చింది, ఎక్కడా మసి లేదు. పొట్టు పిడికిట్లో పట్టుకుంటే చల్లగా ఉంది. ఆమె దాన్ని పారేయకుండా కాసేపు అలాగే పట్టుకుంది.

బావగారు అంచు నిమిరి మురిసిపోయారు. "చూశావా! ఇన్నాళ్లూ దాచాను కాబట్టే బిట్ ఇంత కొత్తగా ఉంది!"

ఆ సాయంత్రమే ఆమెను ప్యాకింగుకి మార్చారు. షీట్ మాడినందుకే మార్చారని ఆయన్ని ఆడిపోసుకోకండి. తాళంచెవి వచ్చేదాకా ఆగకుండా తాళం పగలగొట్టిందట. అంత తొందరపాటు మనిషికి మెషిన్ ఎలా అప్పగిస్తారు?

ఇక చేతులు దించుకోండి. ఎత్తి ఉంచితే మీకూ ప్యాకింగే!